నూర్జహాన్ ఎత్తుకు చేసిన పీట

కువైట్ వెళ్లొచ్చి నెల దాటింది. కనపడ్డవాళ్లంతా ఎండ ఎలా ఉందనే అడుగుతున్నారు. ఎండ లేదు, చలి ఉంది. ఎడారి కదా అని పలచటి నూలు చీరలు ఆరు పట్టుకెళ్లి, ఉన్నన్నాళ్లూ మా పద్మజ భర్త స్వెట్టరు వేసుకుని తిరిగాను. ఆ ప్రయాణంలో నేను తికమకపడ్డ వాటిలో అది మొదటిది, అన్నిటికన్నా చిన్నది.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. రాజమండ్రిలో ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకు వయొలిన్ నేర్పాను. ఏటా కొత్తగా చేరిన ఆడపిల్లలకు మొదటిరోజు ఒక కథ చెప్పడం నాకు అలవాటు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఒకావిడ ఉండేది. వయొలిన్ ఆడవాళ్లు పట్టాల్సింది కాదు, గడ్డం కింద పెట్టుకుని మెడ వంకర తిప్పితే చూడ్డానికి బాగోదు, బుద్ధిగా పియానో ముందు కూర్చోండి అనే రోజులవి. ఆవిడ పట్టుకుంది, వాయించింది, ఆపైన ఆడవాళ్లనే పోగేసి ఆర్కెస్ట్రా పెట్టి, దాని ముందు నిలబడి నడిపింది. పేరు నా నోట్లో ఒక్కోసారి ఒక్కోలా తిరుగుతుంది కనుక నేను ‘ఆవిడ’ అనే అంటాను. ఈ కథ చెప్పినప్పుడల్లా నా గొంతు వణుకుతుంది. ఎందుకంటే నేను జన్మలో దేని ముందూ నిలబడలేదు. నాది పక్కవాద్యం. పాడేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు ఎటు వెళితే అటు వెంట వెళ్లడమే నేను నేర్చిన విద్య.

పద్మజ నా పాత శిష్యురాలు, కువైట్లో నర్సు. అక్కడ ఒక తెలుగు సంఘం వేడుకలో ఆడవాళ్ల ఆర్కెస్ట్రా వాయిస్తుందని, నేను వచ్చి ఆవిడ గురించి ప్రసంగించాలని ఫోన్ చేసింది. పది పేజీలు రాసుకుని, వయొలిన్ భుజాన తగిలించుకుని విమానం ఎక్కాను.

ఫర్వానియా, మంగళవారం

పద్మజ ఫ్లాటు మూడో అంతస్తులో. ప్రతి గుమ్మం ముందూ పది పన్నెండు జతల చెప్పులున్నాయి. ఏదో శుభకార్యం జరుగుతోంది కాబోలు అనుకున్నాను. ఒక్కో ఫ్లాటులో అంతమంది ఉంటారని తర్వాత తెలిసింది.

“ప్రోగ్రాం శుక్రవారమండి మేడం. ఇక్కడ శుక్రవారమేనండి మన ఆదివారం,” అంది పద్మజ.

“మరి ఆదివారం?”

“అది మన సోమవారం లాంటిదండి.”

నోటు పుస్తకంలో రాసుకున్నాను కానీ ఒరిగిందేమీ లేదు. చేతి గడియారం రాజమండ్రి టైములో, గోడ గడియారం కువైట్ టైములో, నా ఆకలి రెంటికీ మధ్య ఎక్కడో ఉన్నాయి.

పద్మజ ఫోనులో మాట్లాడుతూ లోపలికి వెళ్లినప్పుడు తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. నల్ల అబాయా, తలకు గుడ్డ, యాభై దాటిన వయసు. బాగా పొట్టి. చేతిలో మూత పెట్టిన పెద్ద గిన్నె.

“సలామమ్మా. మీరొస్తాండారని పద్మజ చెప్పింది. మచ్బూస్ చేసుకొచ్చినా, చేప వేసి. ఏడేడిగా తినండి,” అంది.

వంటమనిషి అనుకున్నాను. ఇంత దూరం వచ్చి మా పద్మజ వంటమనిషిని కూడా పెట్టుకుందే అని సంతోషించాను. “అమ్మా, ఆ పెట్టె కాస్త గోడకి నిలబెట్టు,” అన్నాను వయొలిన్ చూపించి. ఆమె నిలబెట్టలేదు. మంచం మీద పడుకోబెట్టి, మూత తీసి, కమాను మర రెండు తిప్పులు తిప్పి వెంట్రుకలు వదులు చేసింది.

“ముట్టుకోకమ్మా దాన్ని!” అని అరిచినంత పని చేశాను.

“ఈడ గాలి పొడిగా ఉంటాదమ్మా. ఎంట్రుకలు బిగుసుకుంటాయి. తెల్లారేతలికి కమాను ఇరిగినా ఇరుగుతాది,” అంది నెమ్మదిగా.

వంటమనిషికి కూడా కమాను సంగతి నేర్పిందంటే పద్మజ నా పేరు నిలబెట్టిందనుకున్నాను. మచ్బూస్ మన బిర్యానీకి వేలు విడిచిన చుట్టం. కారం తక్కువ, వాసన ఎక్కువ. అన్నంలో గోలీలాంటి నల్లటిది ఒకటి తగిలింది. వదలడమెందుకని కొరికాను. అది ఎండబెట్టిన నిమ్మకాయట. వాసన కోసం వేస్తారు తప్ప తినరట. నా మొహం చూసి ఆమె నవ్వాపుకుంటూ నీళ్లు అందించింది.

పద్మజ ఇంకా ఫోనులోనే ఉంది. “ఎలాగూ వచ్చావు కదా, వెళ్లేటప్పుడు ఈ కంచాలు కూడా కడిగేసి వెళ్లమ్మా,” అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, కంచాలు తీసుకెళ్లి కడిగి బోర్లించి వెళ్లింది.

ఫర్వానియా, బుధవారం

మర్నాడు సంఘం కార్యదర్శి ప్రసాద్ గారు ఖర్జూరాల పెట్టె పట్టుకుని వచ్చారు. మంచి మనిషే కానీ ఆయనకు రెండు ఫోన్లు, ఒకటి ఆగితే ఒకటి మోగుతుంది. మధ్యలో దొరికిన ఖాళీల్లో నాతో మాట్లాడారు.

“మేడమ్, మీరు జస్ట్ ముందు నిలబడితే చాలు. మిగతాది వాళ్లు చూసుకుంటారు.”

ఫొటోకి కాబోలనుకుని “అలాగేనండి” అన్నాను. రంగుల ఆహ్వానపత్రం చేతిలో పెట్టారు. కళ్లజోడు లోపలుంది. నా బొమ్మ మాత్రం చూసుకున్నాను, బాగానే పడింది. ఆయన సంతోషించి, ఫోన్లు రెండూ మోగుతుండగా వెళ్లిపోయారు.

తర్వాత నేనొక తెలివైన పని చేశాను. వయొలిన్ వాయించేవాళ్లకి చెప్పక్కర్లేదు, తక్కినవాళ్లకి చెబుతాను. మన సంగీతంలో నాలుగు తీగల్నీ స, ప, స, ప అని శ్రుతి చేసుకుంటాం. దొరలు అలా చేసుకోరు. నాలుగూ నాలుగు వేరే స్వరాలు. ఆర్కెస్ట్రా అన్నాక దొరల పద్ధతే ఉంటుంది కదా, వాళ్ల మధ్య నా వయొలిన్ వింతగా మోగితే రాజమండ్రి పరువేం కావాలి? కింది ఫ్లాటులో గోవా ముసలాయన ఒకరున్నారు, చర్చిలో వయొలిన్ వాయిస్తారు. నా హిందీ ఆయనకీ ఆయన హిందీ నాకూ అర్థం కాలేదు కానీ పని మాత్రం అర్థమైంది. సన్న తీగ బిగించి బిగించి టప్పున తెంపారు. పాపం, చాలాసేపు నొచ్చుకున్నారు. పెట్టెలో ఉన్న కొత్త తీగ వేసి, దొరల శ్రుతి చేసి, భక్తిగా నా చేతికిచ్చారు.

పైకొచ్చి వాయించబోతే ఒక్క స్వరమూ ఉండాల్సిన చోట లేదు. నా వంటింట్లో ఎవరో డబ్బాలన్నీ మార్చి సర్దినట్టుంది. గంటసేపు వెతుక్కుని పెట్టె మూసేశాను.

అమ్ఘరా, గురువారం

గురువారం పద్మజకు ఒంటిపూట డ్యూటీ. స్టేజీ మీదికి ఒక పీట చేయించారని, అది చూసి రావాలని కారులో అమ్ఘరా తీసుకెళ్లింది. అంతా ఇనప తుక్కు, పాత టైర్లు, కొండల్లా పేర్చిన చెక్కలు. కువైట్ అంటే అద్దాల మేడలు చూపిస్తారనుకున్న నాకు మనూళ్లో పాతసామాన్ల బజారు పదింతలై కనిపించింది.

పీట చేసింది గంగారాం. జగిత్యాల వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. సామాన్లు వచ్చే పెట్టెల చెక్కలు విప్పి ఏదంటే అది చేస్తాడు. “రాండ్రి మేడం, కూసోండ్రి. ఎప్పుడచ్చిండ్రు? చాయ్ తాగుండ్రి,” అన్నాడు. టీ తెచ్చిన మలయాళీ ‘సౌ’ అన్నాడు. కప్పు టీకి వందేమిటని నేను హిందీలో పోట్లాట మొదలుపెట్టాను. “మేడం, వంద ఫిల్సు అది. దీనారుల పదో వంతు. నేనిస్త తియ్యి,” అని గంగారామే సర్దాడు. ఇక్కడ దీనారుకు వెయ్యి ఫిల్సులు. మూడు సున్నాల దేశంలో నేను చివరిదాకా కుదురుకోలేదు.

పీట మాత్రం ముచ్చటగా ఉంది. జానెడు ఎత్తు. అంచులు నున్నగా గీసి, పైన ఎర్ర తివాచీ ముక్క అంటించాడు.

“నూర్జహానక్క కోసం జేసిన మేడం. ఆమె పొట్టిగుంటది గద. ఎన్క కూసున్నోళ్లకు కమాన్ కనవడాలె. ఆమెను నిలవెట్టి కొలత వట్టిన.”

“నూర్జహాన్ ఎవరు?”

గంగారాం పద్మజను చూశాడు, పద్మజ నన్ను చూసింది.

“గదేంది మేడం! ఆర్కెస్ట్రా ఆమెదే గదా. మంగళారం మీకు బువ్వ తెచ్చిందట గద,” అన్నాడు.

కంచాలు గుర్తొచ్చాయి. నాకు ఆ తుక్కు మధ్యే ఎక్కడైనా దూరిపోవాలనిపించింది.

“మీకు తెలుసనుకున్నానండి మేడం,” అంది పద్మజ చిన్నగా.

గంగారాం ఆగలేదు. “పదకొండేండ్ల సంది రూముల్లనే వాయిస్తున్రు. అక్కకు ఇఖామా, గదే ఈడ ఉండే పర్మిట్, ఖలాస్ అయితుంది, ఐతారం ఫ్లైట్. మల్ల రాదు. పోయేముందట ఒక్కసారన్న గీ పీట మీద నిలవడి, అందరి ముందట నడిపియ్యాలె. గందుకే పైసల్ తీసుకోలె.”

“మరి నన్ను ముందు నిలబడమన్నారే, ప్రసాద్ గారు?”

గంగారాం నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. నేను అయిదున్నర అడుగుల పైన ఉంటాను. “మీకు పీటెందుకు మేడం?” అన్నాడు. పరిహాసానికి కాదు, నిజంగానే అడిగాడు.

కారులో కళ్లజోడు పెట్టుకుని ఆహ్వానపత్రం చదివాను. నా బొమ్మ కింద ‘ఆర్కెస్ట్రా సారథ్యం’ అని ఉంది. నూర్జహాన్ పేరు ఎక్కడా లేదు.

తిరిగి వస్తుంటే పద్మజ చెప్పింది. నూర్జహాన్‌ది రాయచోటి. ఇరవై రెండేళ్ల కిందట ఒక కువైటీ ఇంట్లో పిల్లను చూసుకునే పనికి వచ్చింది. ఆ పిల్లకు వయొలిన్ నేర్పడానికి ఈజిప్టు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె వారానికి రెండుసార్లు వచ్చేది. పిల్ల కదలకుండా పక్కన కూర్చోబెట్టుకోవడం, టీచరు వెళ్లాక పాఠం దగ్గరుండి వాయింపించడం నూర్జహాన్ పని. పిల్లకు తప్పు చెప్పాలంటే ఒప్పు తనకు రావాలి కదా, అలా ఆరేళ్లు నేర్చుకుంది. పిల్ల పెద్దదై వయొలిన్ మానేసింది. నూర్జహాన్ మానలేదు. ఇంటావిడే ఆ వయొలిన్ ఆమెకిచ్చేసింది. శుక్రవారం సెలవు దొరికే ఆడవాళ్లను ఒక్కొక్కరినే చేర్చుకుంది. ఇప్పుడు తొమ్మిదిమంది.

నేను పది పేజీలు రాసి మోసుకొచ్చిన ఆవిడే రెండు రోజుల కింద నా ఎంగిలి కంచం కడిగి వెళ్లింది. అంతకన్నా ఏం చెప్పను?

ఫర్వానియా, గురువారం సాయంత్రం

రిహార్సల్ ఒక ఫ్లాటులోని పెద్ద గదిలో. మంచాలన్నీ గోడకు జరిపారు. నాలుగు వయొలిన్లు, రెండు గిటార్లు, అరబ్బుల వీణ లాంటి ఒక ఊద్, ఒక కీబోర్డు, ఒక డప్పు. మనవాళ్లు, శ్రీలంక వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, దర్జీలు, ఒక నర్సు, అంటే మా పద్మజ. నేను నేర్పిన పిల్ల ఇక్కడ నూర్జహాన్ కమాను కింద వాయిస్తోంది.

నూర్జహాన్ దగ్గరికి వెళ్లి, “అమ్మా, ఆ కంచాలు…” అన్నాను.

“కంచాలేముండాయి అమ్మా, ఇరవై రెండేండ్లుగా కడగతానే ఉండా. అవి ఇంకో నాలుగు,” అని నవ్వింది. “మీరూ వాయించండి మాతో.”

వయొలిన్ తీసి మీటాను. గదిలో అందరూ తలెత్తారు. నాది ఒక దారి, వాళ్లది ఒక దారి.

“ఎవురు చేసినారమ్మా దీన్ని ఇట్ల?” అని నూర్జహాన్ నా చేతిలోంచి తీసుకుంది. ఒక్కో తీగా వదిలి, మీటి, మళ్లీ బిగించి ఇచ్చింది. మీటి చూశాను. స, ప, స, ప. నేను రాజమండ్రిలో ఎలా పెట్టుకుంటానో అలా!

“ఇది మన శ్రుతి కదా?”

“ఏమో అమ్మా. మా టీచరు ఇట్లనే చేయమనేది. అరబ్బీ పాటలకు ఇట్లనే.”

నేను పరువు కోసమని చెడగొట్టుకు వచ్చింది వాళ్ల దగ్గర నిక్షేపంగా ఉంది. తర్వాత చేతులు వేడెక్కడానికి వాళ్లు కిందనుంచి పైకి ఒక వరస వాయించారు. ఎక్కడో విన్నట్టుందే అని రెండుసార్లు విన్నాను. మాయామాళవగౌళ. మన పిల్లలకి మొదటిరోజు చెప్పే సరళీ స్వరాల రాగం. వాళ్లు దానికి వేరే పేరేదో చెప్పారు. నేను కువైట్లో ఉన్నానో నా పాఠం గదిలో ఉన్నానో కాసేపు తెలియలేదు.

పాట మొదలుపెట్టడం నూర్జహాన్ ఇలా చేస్తుంది. వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంటుంది. కమాను ఎత్తుతుంది. అందరికీ వినపడేలా ముక్కుతో ఒక్క ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరి అయ్యేసరికి తొమ్మిదిమందీ పాటలో ఉంటారు. దొరల ఆర్కెస్ట్రాల్లోలా చేతిలో పుల్ల లేదు, ఒకటీ రెండూ అని లెక్కా లేదు. నేను అంతసేపూ ఆ ఊపిరే వింటూ కూర్చున్నాను.

విరామంలో ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. “రేపు ముందు నిలబడాల్సింది నూర్జహాన్ గారండి, నేను కాదు.”

“మేడమ్, అర్థం చేసుకోండి. పోస్టరు వేసేశాం. ముందు వరుసలో పెద్ద పెద్దవాళ్లు కూర్చుంటారు. ఇళ్లల్లో పనిచేసే ఆవిడ స్టేజీ మీద లీడర్‌గా అంటే రేపు ఎవరో ఒకరు మాటంటారు, ఆవిడకే ఇబ్బంది. అడగండి, ఆవిడ ఒప్పుకుంది కూడా. మీరు చదువుకున్నవారు, మీరైతే నిండుగా ఉంటుంది. ప్లీజ్ మేడమ్.”

గట్టిగా ఏదో అనబోయాను. నా నోట్లోంచి వచ్చింది “అలాగేనండి.” ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. పాడేవాళ్లు ఏ రాగం ఎత్తుకున్నా నేను అన్నది ఆ మాటే. ఫోన్ పెట్టేసి నన్ను నేను తిట్టుకున్నాను.

“పోనీలే అమ్మా, పెద్దోళ్లు చెప్పినారు, సరే అన్నా. ఎనకాల కూసోని వాయించినా పాట పాటే గదా,” అంది నూర్జహాన్. గంగారాం తెచ్చిపెట్టిన పీట గది మూలన ఉంది. అందరూ దాన్ని చూస్తున్నారు, ఆమె చూడ్డంలేదు.

సముద్రం పక్కన బస్సు, శుక్రవారం

పద్మజ సామాన్లతో, పీటతో వ్యానులో ముందే వెళ్లిపోయింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక నన్ను నూర్జహాన్ ప్రోగ్రాం జరిగే ఫహాహీల్ వైపు బస్సు ఎక్కించింది. ముందు సీట్లు ఆడవాళ్లకి. ఒళ్లో వయొలిన్లు పెట్టుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఎడమ వైపు సముద్రం బూడిద రంగులో కదలకుండా ఉంది. మన కాకినాడ సముద్రానికున్న కోపం దీనికి లేదు.

“అమ్మా, ఆ అమెరికా ఆమె గురించి రాసినారంట గదా. నాకు చెప్పండి.”

చెప్పాను. బస్సులో కనుక చెయ్యి ఊపకుండా, గొంతు వణక్కుండా చెప్పాను. నూర్జహాన్ శ్రద్ధగా విని, “ఆమెకు ముందర నిలబడమని ఎవురు చెప్పినారు?” అని అడిగింది.

పది పేజీలూ మనసులో తిప్పాను. ఎక్కడా లేదు. “ఎవరూ చెప్పి ఉండరమ్మా,” అన్నాను.

“చెప్పకుంటే ఎట్ల నిలబడింది?”

“తెలీదు.”

“నాకైతే ఎవురన్నా చెప్పల్ల,” అని కిటికీలోంచి చూసింది. అటే చూస్తూ, “మా మామా వస్తాంది ఈ పొద్దు. ఇంటామె. ఆ పాప గూడా. ఆ యమ్మికి ఇరవై నాలుగేండ్లు ఇప్పుడు. నేను నడిపేది చూస్తామని వస్తాండారు. పోస్టరు సంగతి చెప్పలే నేను. చెప్పేదానికి నోరు రాలే.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎడమచేతి వేళ్ల కొసలు నా వేళ్ల లాగే కాయలు కాచి ఉన్నాయి.

ఫహాహీల్

హాలు నిండింది. జరీ చీరలు, సూట్లు, వెనక వరుసల్లో శుభ్రంగా తల దువ్వుకొచ్చిన కూలీలు. గంగారాం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడో వరుసలో నల్ల అబాయాలో ఒకావిడ, పక్కన జీన్సు వేసుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి స్టేజీ మీద ఎవరినో వెతుక్కుంటోంది.

నూర్జహాన్ వెనక వరుస చివర కుర్చీలో కూర్చుంది. ముందు కూర్చున్న గిటారు అమ్మాయి వెనక ఆమె తల సగమే కనిపిస్తోంది.

ప్రసాద్ గారు ముందు ఆర్కెస్ట్రా, తర్వాత ప్రసంగం అన్నారు. మైకులో నా పేరుకు ముందు నాలుగు విశేషణాలు తగిలించి, నా చేతిలో సన్నటి తెల్ల పుల్ల ఒకటి పెట్టారు. పీట ఎక్కాను. చీర కుచ్చెళ్లు తివాచీకి తగులుకుని కొంచెం తూలాను. ఆ ఎత్తు మీద నేను స్తంభంలా ఉండి ఉంటాను. నా వయొలిన్ పక్కనే స్టూలు మీద ఉంది, నన్ను వెక్కిరిస్తున్నట్టే అనిపించింది.

పుల్ల ఎత్తాను. తొమ్మిదిమందీ నన్ను చూస్తున్నారు. నేను వాళ్లను చూస్తున్నాను. ఎవరో మొదలుపెడితే అందుకుందామని ఎదురుచూస్తున్నాను. నిజం, నాకు అప్పుడు తట్టలేదు మొదలుపెట్టాల్సింది నేనేనని. అలవాటుగా కుడివైపు తిరిగి చూశాను, పాడేవాళ్లు కూర్చునే వైపు. అక్కడ తెర తాడు తప్ప ఎవరూ లేరు. హాల్లో ఎవరో దగ్గారు. పుల్ల ఇంకా గాల్లోనే ఉంది.

అప్పుడు నాకు భయం వేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. నాలుగు రోజులుగా పేరుకున్న తికమకంతా ఆ ఒక్క క్షణంలో విడిపోయింది. నేను వెంట వెళ్లే మనిషిని. నాకు తెలిసిన విద్య అదొక్కటే, దాన్ని బాగానే నేర్చుకున్నాను. ఎవరి వెంట వెళ్లాలో మాత్రం ఇంతసేపూ తెలియలేదు.

“నాకు మొదలుపెట్టడం రాదమ్మా,” అన్నాను. పక్కన మైకు ఉందని మరిచిపోయాను. మాట హాలంతా వినిపించింది. కొందరు నవ్వారు.

“నూర్జహాన్, ఇలా రా. ఇక్కడ నిలబడు. నేను చెబుతున్నాను.”

ఆమె లేవలేదు. గిటారు అమ్మాయి లేచి కుర్చీ పక్కకు లాగింది. ఇంకొకామె లేచింది. ఒక్కొక్కరే జరిగి దారి ఇచ్చారు. మొదటి వరుస చివర ప్రసాద్ గారు సగం లేచారు, మళ్లీ ఎందుకో కూర్చున్నారు. నూర్జహాన్ వయొలిన్ పట్టుకుని ఆ దారిలోంచి వచ్చింది. నేను పీట దిగాను. ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. గంగారాం కొలత వెంట్రుకవాసి తప్పలేదు. వెనక వరుస దాకా కమాను కనిపిస్తోంది.

మైకు నా ముందే ఉంది. పేరు చెప్పాలి. మన సంగీతంలో ఒక పద్ధతుంది. పెద్ద విద్వాంసులను ఊరి పేరు ముందు పెట్టి పిలుస్తాం. ఆ ఊరు ఆ మనిషి వల్ల తెలియాలని. నన్ను ఇన్నేళ్లలో ఎవరూ రాజమండ్రి సుభాషిణి అనలేదు. ఎప్పటికైనా ఎవరైనా అంటే బాగుండునని లోపల ఉండేది, ఎందుకు దాచడం? ఆ కోరిక నాకే తెలియకుండా ఆ వేళ బయటికొచ్చింది.

“ఆర్కెస్ట్రా నాయకురాలు, రాయచోటి నూర్జహాన్ గారు,” అన్నాను.

వెనక నుంచి మొదట ఒక ఈల వచ్చింది, గంగారాందే అయ్యుంటుంది. తర్వాత చప్పట్లు. మూడో వరుసలో జీన్సు అమ్మాయి లేచి నిలబడి కొట్టింది. నూర్జహాన్ హాలు వైపు తిరగలేదు. నా వైపు చూసి, పెదవులు కదిలించి ఆ పేరు తనలో తాను ఒకసారి అనుకుంది. తర్వాత కమాను ఎత్తింది.

నాకు కుర్చీ మీద వాయించడం చేతకాదు. వయొలిన్ తీసుకుని ఆమె పక్కనే స్టేజీ మీద కింద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. పైనుంచి ఊపిరి వినిపించింది. పదిమందీ పాటలో ఉన్నాం. ఆ ఇంటి పాపకు ఆమె పాడిన జోలపాట అది. నాకు రాదు, అయినా ఆమె ఎటు వెళితే అటు వెళ్లాను. ఎక్కడా తప్పలేదు.

ప్రసంగానికి టైము మిగల్లేదు. పది పేజీలూ సంచీలోనే తిరిగి వచ్చాయి.

రాజమండ్రి

ఆదివారం ఆమె రాయచోటికి, నేను ఇటు, వేరు వేరు విమానాల్లో బయలుదేరాం. మొన్న పద్మజ ఫోన్ చేసింది. ఆర్కెస్ట్రాను ఇప్పుడు గిటారు అమ్మాయి నడుపుతోందట. ఆమె పొడగరి కనుక గంగారాం పీట కాళ్లు నాలుగు వేళ్లు కోశాడట. రాయచోటి నుంచి నూర్జహాన్ కూడా ఫోన్ చేస్తుంటుంది. ఇంట్లో వాళ్లకి ఈమె వయొలిన్ వాయిస్తుందని ఇప్పుడే తెలిసిందట, ఇంకా నమ్మడం లేదట.

ఇప్పటికీ ఇంటి దగ్గర కొద్దిమందికి పాఠం చెబుతున్నాను. ఈ సోమవారం కొత్త పిల్లలు చేరారు, ఆరుగురు. అమెరికా ఆవిడ కథ ఎప్పటిలాగే చెప్పాను. ముందు నిలబడమని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదని కూడా చెప్పాను. తర్వాత వయొలిన్లు తీయించి, వట్టి తీగ మీద కమాను లాగి ‘స’ పలికించడం చూపించాను. ఇన్నేళ్లూ తొడ మీద తాళం వేసి, ఊఁ, కానివ్వండి అనేదాన్ని. ఈసారి కమాను ఎత్తి, అందరికీ వినపడేలా ఒక్క ఊపిరి తీసుకున్నాను.

ఆరుగురూ ఒక్కసారే అందుకున్నారు. వాళ్లను చూస్తూ ఉండిపోయి నేనే వెనకపడ్డాను.